అడవికి పోండి, బ్యాంకుకని చెప్పి కాదు

కర్నూలు నుంచి ఒక పాఠకుడు పేరు వేయొద్దంటూ ఆరు పేజీల ఉత్తరం రాశారు. వయసు 67. నీటిపారుదల శాఖలో చేరి, కేసీ కెనాల్ మీదా ఇతర కాలువల మీదా సర్వీసంతా గడిపి రిటైర్ అయ్యారు. కొడుకు, కోడలు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్లకు ఎనిమిదేళ్ల బాబు. ఇక్కడ ఇంట్లో ఆయన, భార్య ఇద్దరే.

ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవు పెట్టి ఎక్కడికీ పోలేదట. రిటైర్ అయ్యాక మొదట యాగంటి, మహానంది, అహోబిలం తిరిగారు. గుళ్లకు పోయే దార్లలో కనిపించిన జింకలూ పక్షులూ ఆయన్ను పట్టేసుకున్నాయి. ఇప్పుడు వారంలో రెండు మూడుసార్లు చీకటితోనే మోపెడ్ తీసి రోళ్లపాడు అభయారణ్యం వైపో, ఆత్మకూరు అడవి వైపో పోతారు. రోళ్లపాడులో కృష్ణజింకల మందను తోడేలు తరమడం చూశారు. శ్రీశైలం ఘాట్‌లో ఆగి కోతులకు బిస్కెట్లు పెడతారు. మొన్న వేసవిలో నాగలూటి దారిలో ఒక్కరే నడుస్తుంటే, వీపు మీద రెండు పిల్లలతో ఎలుగుబంటి ఎదురైంది. మధ్యలో ఇరవై అడుగులు కూడా లేదు. ఆయన కదలకుండా నిలబడి వీడియో తీశారు. అది కాసేపు చూసి పొదల్లోకి పోయింది. వీడియో ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చింది.

ఆ శనివారమే కొడుకు దిగాడు. బండి తాళం లాగేసుకుని, నాన్న ఎక్కడున్నదీ తనకు తెలిసేలా ఫోన్‌లో ఒక యాప్ పెట్టి పోయాడు. "షుగర్ మనిషివి, అడవిలో కళ్లు తిరిగి పడిపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడట. అప్పటినుంచి ఈయన బ్యాంకుకని, పెన్షనర్ల మీటింగుకని చెప్పి, ఫోన్ మర్చిపోయినట్టు ఇంట్లో వదిలేసి బస్సెక్కుతున్నారు.

రెండో గొడవ వాయిస్ మెసేజుల మీద. ప్రతి ప్రయాణం తర్వాత గ్రూపులో ఏడెనిమిది నిమిషాల మెసేజ్ పెడతారు. జంతువుతో మొదలై పిల్లల బతుకు మీద తీర్పుతో ముగుస్తుంది. "తోడేలు తన పిల్లలకు తనే వేటాడి పెడుతుంది. మీరు ఫోన్ నొక్కితే ఎవడో తెచ్చి పెట్టాలి" అన్న మెసేజ్ తర్వాత కోడలు గ్రూపులోంచి వెళ్లిపోయింది. కొడుకు, "బెంగళూరు రా నాన్నా, క్లాసు మాత్రం పీకొద్దు" అన్నాడు. రోళ్లపాడులో బట్టమేకపక్షులు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మాయం కావడానికి కూడా ఈ తరం ఫోన్లూ టవర్లే కారణమని మన పాఠకుడి నమ్మకం. ఆయన అడిగేది ఇదీ: "నేను చెప్పేదాంట్లో తప్పేముంది? తిరగడం మానేసి గమ్మున మూలన కూర్చుంటే వీళ్లకు సంతోషమా?"

సమాధానం:

అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎలుగుబంటి కోసమే చదివాను, దాచుకోను. రెండోసారి ఇంకోటి కనపడింది. ఎలుగుబంటికి ఒకటిన్నర పేజీ ఇచ్చారు. వదిన మోకాళ్ల నొప్పి బ్రాకెట్లో ఉంది. "ఎలుగుబంటికి ఇచ్చినంత టైం నాకిస్తే చాలు" అని ఆమె అన్నమాట కూడా నవ్వులాటకన్నట్టు రాసి, పక్క లైన్లో మళ్లీ తోడేలు దగ్గరికి పోయారు. నాకది నవ్వులాటగా అనిపించలేదు. దాని దగ్గరికి వస్తాను. ముందు అడవి సంగతి తేల్చుకుందాం.

మీరు నిలబడి వీడియో తీసి బతికి బయటపడ్డారంటే అది అదృష్టమే, ధైర్యం ఖాతాలో వేసుకోకండి. ఎలుగుకు చూపూ వినికిడీ అంత చురుకు కాదు, దాని బతుకంతా ముక్కు మీదే. గాలి దాని వైపు నుంచి మీ వైపు వీస్తుంటే మీరు పక్కకొచ్చి నిలబడేదాకా దానికి తెలియదు. తెలిశాక బెదిరి మీద పడుతుంది. పిల్లలు వెంట ఉన్న తల్లి సంగతి చెప్పే పనిలేదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో ఎలుగు చేతిలో గాయపడ్డవాళ్లు దాన్ని వెతుక్కుంటూ పోయినవాళ్లు కారు. చేనికి పోతూ, కట్టెలకు పోతూ ఎదురుపడ్డవాళ్లే. అడవి దారిలో నలుగురూ కలిసి మాట్లాడుకుంటూ, కర్ర చప్పుడు చేసుకుంటూ నడవమనేది, తెల్లవారుజామున, మునిమాపున రాళ్ల గుట్టల దగ్గర తిరగొద్దనేది అందుకే. ఎదురైతే పరుగెత్తకూడదు, మెల్లగా వెనక్కి జరగాలి. మీదికే వస్తే బోర్లా పడుకుని మెడ వెనక రెండు చేతులూ అడ్డం పెట్టుకోమని చెప్తారు. ఈ మాటల్లో 'ఫోన్ తీసి వీడియో ఆన్ చేయండి' అనేది ఎక్కడా లేదు.

ఇంకో సంగతి. నాగలూటి దారి ఉన్నది టైగర్ రిజర్వ్‌లో. శివరాత్రికీ ఉగాదికీ వేలమంది ఆ దారినే పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడుస్తారు కదా అనొచ్చు. ఆ రోజుల్లో అటవీ శాఖ అనుమతి ఉంటుంది, దారిలో నీళ్లుంటాయి, ముందూ వెనకా మనుషులుంటారు. మామూలు రోజుల్లో అనుమతి లేకుండా లోపలికి పోతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పెట్టొచ్చు. సర్వీసంతా మచ్చ లేకుండా రిటైర్ అయిన మనిషికి ఈ వయసులో రేంజ్ ఆఫీసు చుట్టూ తిరిగే ఖర్మ దేనికి?

బిస్కెట్ల గురించి కూడా చెప్పేస్తాను. మీరు పుణ్యమనుకుంటున్నారు. అలవాటు పడిన కోతి అడవిలో మేత వెతుక్కోవడం మానేసి రోడ్డు మీద కూర్చుంటుంది, బండ్ల కింద పడుతుంది. చేతిలో కవరుంటే చాలు, పిల్లల మీదికి ఉరుకుతుంది. కోడలు ఫోన్ నొక్కి అన్నం తెప్పించుకుంటోందని మీకు కోపం. నల్లమల కోతులకు కాయితం కూడా విప్పి హోం డెలివరీ చేస్తున్నది మీరే కదన్నా!

ఇప్పుడు మీ అబ్బాయి భయం. ఆయన ఎలుగుబంటికి భయపడుతున్నాడని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించలేదు. షుగర్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, చీకట్లో లారీలు తిరిగే రోడ్డు మీద మోపెడ్ నడుపుకుంటూ పోయి, సిగ్నల్ లేని చోట ఒక్కరే దిగే తండ్రిని చూసి భయపడుతున్నాడు. ఎలుగు లేకపోయినా ఆ భయం ఉండాల్సిందే. దానికి మీ ఉత్తరంలో ఒక్క జవాబూ లేదు. ఎలుగుతో ఎలా నెగ్గుకొచ్చారో రాశారు గానీ కళ్లు తిరిగితే ఏం చేస్తారో రాయలేదు.

అబ్బాయి చెప్పినట్టు పూర్తిగా మానేయొచ్చు. ఇంట్లో టెన్షన్ కొన్నాళ్లు తగ్గుతుంది. కానీ మీలాంటి మనిషి రోజంతా కుర్చీలో కూర్చుంటే షుగర్ ఎటు పోతుందో డాక్టరును అడగండి. నా అంచనా ఏంటంటే, వాయిస్ మెసేజులు ఎనిమిది నిమిషాల నుంచి పదిహేనుకు పెరుగుతాయి. అది ఎవరికీ మంచిది కాదు.

ఇప్పుడు చేస్తున్నట్టే దొంగచాటుగా పోతూ ఉండొచ్చు. ఇదే నాకు ఎక్కువ భయం కలిగిస్తోంది. ఫోన్ ఇంట్లో, మీరు ఆత్మకూరు అవతల, వదిన దృష్టిలో మీరు బ్యాంకులో. ఏదైనా జరిగితే అందరూ మిమ్మల్ని కర్నూల్లో వెతుకుతారు. ఏమీ జరక్కపోయినా అబద్ధం ఎప్పుడో ఒకరోజు బయటపడుతుంది. ఆ రోజు బండి తాళం గురించి అడిగే నోరు మీకుండదు.

మూడోది, బేరం. మీ అబ్బాయితో కూర్చుని పెద్దమనిషి ఒప్పందం చేసుకోండి. చీకట్లో బండి నడపను, తెల్లారాకే పోతాను, ఏదన్నా తిని, జేబులో గ్లూకోజ్ పెట్టుకునే బయల్దేరతాను, అడవిలోకి ఒంటరిగా దిగను. రోళ్లపాడుకు పెన్షనర్లలో మీలాంటి తిరుగుబోతు ఇంకొకాయన దొరక్కపోడు. నల్లమల చూడాలంటే బైర్లూటిలో అటవీ శాఖ క్యాంపు ఉంది, తుమ్మలబైలులో జీపు సఫారీ ఉంది. ఆ అడవి చెంచులకు తెలిసినంతగా మనకెవరికీ తెలియదు. వాళ్లలో ఒకరు వెంట ఉంటే మీకు కనపడేవి పది రెట్లవుతాయి. మీరు ఒప్పుకున్నవాటికి బదులుగా తాళం అడగండి. ఇస్తాడనే అనుకుంటున్నాను. ఇవ్వకపోతే బస్సు ఉండనే ఉంది, ఈసారి చెప్పి ఎక్కండి.

యాప్ విషయంలో మాత్రం మీ బాధ అర్థమైంది. పెద్దవాణ్ణి పశువుకు గంట కట్టినట్టు కట్టారని రాశారు. అడగకుండా పెట్టడం అబ్బాయి పొరపాటే. అయినా సిగ్నల్ లేని అడవిలో అది ఎందుకూ కొరగాదు. దాన్ని తీసేయమని అడగండి. అడిగేటప్పుడే, ప్రయాణం రోజున లొకేషన్ మీ అంతట మీరే పంపుతానని, ఎక్కడికి పోతున్నదీ ఎన్నింటికి వస్తున్నదీ గోడ మీద క్యాలెండర్లో రాసి పోతానని చెప్పండి. కాలువ మీద పనిచేసేటప్పుడు మూవ్‌మెంట్ రిజిస్టర్ రాసే ఉంటారు, మీకు కొత్తేం కాదు.

ఇక మీ అభిప్రాయాలు. 'నేను చెప్పేదాంట్లో తప్పేముంది' అన్నారు కాబట్టి ఒక్కోటీ చూశాను. గండికోట లోయ అంచున స్పీకర్లు పెట్టి గంతులేసేవాళ్లు, తిని పారేసే ప్లాస్టిక్, వీటి మీద మీరు రాసింది అక్షరం తీసేయక్కర్లేదు. పిల్లాడి ముందు ట్యాబ్ పెట్టి అన్నం తినిపించడం మీదా మీతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ తోడేలు ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. తోడేలు పిల్లలకు తల్లిదండ్రులు మాత్రమే తెచ్చి పెట్టరు. గుంపులో పెద్ద పిల్లలూ మిగతావాళ్లూ వేటాడి, తిన్నది కక్కి మరీ పెడతారు. వాటికి ఉన్నంత సాయం బెంగళూరులో మీ కోడలికి లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇద్దరూ ఉద్యోగం చేసి వచ్చే ఇంట్లో ఒక పూట అన్నం బయటినుంచి వస్తే అడవి ధర్మమేమీ తప్పలేదు.

మూడో పేజీలో, బతికే ఉన్నానని ఫోన్‌కు ముఖం చూపించి రుజువు చేసుకోవాల్సి వచ్చిందని లైఫ్ సర్టిఫికెట్ మీద గట్టిగా విరుచుకుపడ్డారు. అదే పేరాలో, అది చేసిపెట్టింది కోడలని కూడా రాశారు. ఆ ఫోన్ పద్ధతి లేకపోతే మీరు లైన్లో నిలబడేవారు. ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పినట్టు మాత్రం ఎక్కడా లేదు.

అన్నిటికన్నా బట్టమేక విషయం నన్ను ఆపింది. దీన్ని మీ అంత దగ్గరగా తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. రోళ్లపాడును 1988లో అభయారణ్యం చేసింది ఆ పక్షి కోసమే. అది ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర. అంత పెద్ద పక్షికి ఆ కంచె లోపలి గడ్డి సరిపోదు. చుట్టూ ఉన్న బీళ్లలో, వానాధారం జొన్న చేలల్లో, కొర్ర చేలల్లో తిరిగి మేయాలి. మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. కాలువ నీళ్లొచ్చాయి. బీళ్లు మాగాణి అయ్యాయి, మెట్ట పంటలు పోయాయి, మందులు కొట్టడం పెరిగింది. అభయారణ్యం పక్కనే అలగనూరు రిజర్వాయరు వచ్చింది. పక్షి తగ్గుతూ తగ్గుతూ కనపడకుండా పోయింది. కృష్ణజింకలు పెరిగి ఇప్పుడు రైతుల పంటల మీద పడుతున్నాయి. ఎగిరే బట్టమేకలను చంపుతున్నవాటిలో పెద్దది కరెంటు తీగ. అది రాజస్థాన్‌లో సుప్రీంకోర్టు దాకా పోయిన వ్యవహారం. రోళ్లపాడు కథలో మాత్రం మీ అబ్బాయి ఫోన్ కన్నా మీ శాఖ కాలువ పాత్ర చాలా ఎక్కువ.

మీరు తప్పు చేశారని నేననడం లేదు. నీళ్ల కోసం సీమ ఎంత ఏడ్చిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాలువ పారని రోజుల్లో ఆ పల్లెలు ఎట్లుండేవో చూసినవాళ్లెవరూ కాలువను తిట్టరు. ఆ కాలువే మీకు జీతమిచ్చింది, అబ్బాయిని ఇంజనీరింగ్ చదివించింది. అందుకే 'మీ తరం అంతా పాడు చేసింది' అని మీరంటే వాడికి కాలుతుంది. "మేం కాలువలు తవ్వుతున్నప్పుడు అక్కడ ఏం పోతోందో మాలో ఎవరమూ అనుకోలేదు రా" అని మొదలుపెట్టి చూడండి. అబ్బాయి వింటాడు. మనవడైతే పడుకోనివ్వడు, అన్ని ప్రశ్నలు వేస్తాడు. మీ వాయిస్ మెసేజుల్లో తోడేలు వచ్చిన మూడు నిమిషాలూ అందరూ చెవి పెట్టి విన్నారని మీ అబ్బాయే అన్నాడట కదా. ఆ మూడు నిమిషాలు పంపండి, మిగతా ఐదూ మీ దగ్గరే ఉంచుకోండి. కోడలికి మాత్రం మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. లైఫ్ సర్టిఫికెట్ సంగతి ఎత్తి థాంక్స్ చెప్పండి. తోడేలు మాటకు బాధ కలిగిందేమో అని కూడా అడగండి. ఆమె వెంటనే గ్రూపులోకి రాకపోవచ్చు, రమ్మని అడక్కండి కూడా.

వదిన దగ్గరికి వద్దాం. మీరు కాలువల మీద క్యాంపుల్లో ఉన్నన్నేళ్లు ఇల్లూ పిల్లాడి చదువూ ఆమె ఒక్కతే చూసుకున్నట్టు మీ ఉత్తరాన్ని బట్టే తెలుస్తోంది. రిటైర్ అయితే తోడుంటారనుకుంది. మీరు రిటైర్ అయ్యి మళ్లీ క్యాంపుకే పోయారు, ఈసారి ఆర్డరు కూడా లేకుండా. మీకు తీరని సరదాలు ఉన్నట్టే ఆమెకూ ఉంటాయి. అవేంటో మీ ఆరు పేజీల్లో లేవు, బహుశా మీకు తెలియవు. దయచేసి 'ఆమెను కూడా అడవికి తీసుకుపోతా' అని తీర్మానించేయకండి. ఆమెకు అడవి వద్దేమో. మోకాళ్ల డాక్టరు దగ్గరికి మీరు వెంట రావడమే కావాలేమో. పొద్దున రైతుబజారుకు పోయి, వచ్చేటప్పుడు ఎక్కడైనా ఉగ్గాని తిని రావడమే చాలేమో. అడగండి. అడిగి, ఆమె చెప్పడం అయ్యేదాకా గమ్మునుండండి. వారంలో ఆమెవి కొన్ని రోజులు తేల్చుకుని, వాటిని తోడేలు కనపడిందన్నా సరే ముట్టుకోకండి. ఇది చేయకపోతే ఏమవుతుందో కూడా చెప్తాను. ఆమె మీతో పోట్లాడదు. కొడుకు రమ్మన్నప్పుడు బెంగళూరు పోతుంది, మనవడి దగ్గర నాలుగు నెలలుంటుంది, తర్వాత ఆరు నెలలుంటుంది. అప్పుడు బ్యాంకుకని చెప్పడానికి కూడా ఇంట్లో ఎవరూ ఉండరు.

ఆమె సరేనంటే ఒక చోటు చెప్తాను, మోకాళ్లకు పని లేనిది. హిందూపురం అవతల చిలమత్తూరు మండలంలో వీరాపురం. మొన్నటిదాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఏటా సంక్రాంతి దాటాక ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని చేసుకుని, ఆగస్టు నాటికల్లా వెళ్లిపోతాయి. వీధిలో కుర్చీ వేసుకుని తల ఎత్తితే చాలు. ఊరివాళ్లు వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. మీకూ మీ అబ్బాయికీ మధ్యనున్న హైవేకు దగ్గర్లోనే ఉంది, వాళ్లు అటునుంచి రెండు మూడు గంటల్లో రావచ్చు. పక్కనే లేపాక్షి. మీరిద్దరూ బస్సులో పోయినా పెద్ద ఖర్చు కాదు: 60 దాటినందుకు ఆర్టీసీలో మీకు పావు వంతు తగ్గింపు ఉంది, వదినకైతే 2025 ఆగస్టు 15 నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా టికెట్టే లేదు. మనవడి ఫోన్‌లో మెర్లిన్ అనే యాప్ వేయించండి, పక్షి కూత వినిపిస్తే పేరు చెప్తుంది. మీరు రోళ్లపాడులో ఏళ్లుగా కూత విని ఏదో తెలియక వదిలేసిన పక్షుల పేర్లు వాడు నిమిషంలో చెప్తే, ఫోన్ల మీద మీ అభిప్రాయం మారకపోయినా ఫరవాలేదు, ఆ ఒక్కరోజు బయటికి చెప్పకండి.

చివరి పేజీ మార్జిన్లో విడిగా ఒకటి అడిగారు, ఈ జన్మకు బట్టమేకను చూస్తానా అని. రోళ్లపాడులో ఆశ పెట్టుకోకండి. దేశంలో మిగిలిన కొద్దిపాటి పక్షుల్లో ఎక్కువ భాగం జైసల్మేరు ఎడారిలో ఉన్నాయి. 2019 నుంచి అక్కడే గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం నడుస్తోంది. చలికాలంలో డెజర్ట్ నేషనల్ పార్కుకు పోతే కనపడే అవకాశం ఉంది, గ్యారంటీ లేదు. వదిన వస్తానంటే ఆమెకు లోయర్ బెర్త్ దొరికేలా ముందే బుక్ చేయించండి. సీనియర్ సిటిజన్లకు రైల్వే ఇచ్చే రాయితీని 2020 మార్చిలో ఆపేశారు, ఇద్దరికీ ఫుల్ టికెట్టే. దాని మీద ఎంత పొడుగు మెసేజ్ పెట్టుకుంటారో పెట్టుకోండి, నాకు కూడా పంపండి.